కారు రిపేరు ఖర్చులు: బండి వాళ్ళ కష్టం, షెడ్డు వాళ్ళ కష్టం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. సావనీరు కోసం అక్కడక్కడా సరిచేసి ఇస్తున్నాను.)



నేను బడిపంతుల్ని. నన్ను పిలిస్తే చదువు గురించే మాట్లాడతానని మీరందరూ అనుకుంటారు. ఏటా అదే మాట్లాడుతున్నాను గూడా. ఈసారి కార్యదర్శిగారి అనుమతితో వేరే విషయం ఎత్తుకున్నాను. కార్ల సర్వీసింగు, రిపేరు ఖర్చులు. ఇది కార్లున్న కలవారి గోల కదా, మన సంఘానికి దీంతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి ఈ హాలులో చుట్టూ చూడండి. అప్పు చేసి టాక్సీ కొని, నెలనెలా కిస్తీ కట్టుకుంటూ నడుపుకునే తమ్ముళ్ళు వున్నారు. పానాలు పట్టుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా బండ్ల కింద పడుకునే మెకానిక్కులు వున్నారు. టింకరింగు, పెయింటింగు, సీటు కుట్టుపని, బ్యాటరీ దుకాణం, పాత సామాను దుకాణం - ఇవన్నీ మన వాళ్ళ చేతుల్లో ఎంతగా వున్నాయో మీకు నేను చెప్పాలా? ఇంకా, పిల్లలు ఉద్యోగాల్లో చేరి కొద్దో గొప్పో నిలదొక్కుకుని సెకండు హ్యాండు కారు కొనుక్కున్న కుటుంబాలూ వున్నాయి. కారు బిల్లు పెరిగితే ఒకరి జేబు చిల్లు పడుతుంది. అంతవరకు అందరికీ తెలుసు. అదే సమయంలో ఇంకొకరి పని గూడా పోతున్నది. ఈ రెండో సంగతి మనం సరిగా గమనించలేదు.

మా వీధిలో టాక్సీ నడిపే తమ్ముడొకాయన వున్నాడు. ఈమధ్య ఒక సాయంత్రం కంపెనీ షోరూము వాళ్ళిచ్చిన బిల్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. బిల్లంతా ఇంగ్లీషు. "మాస్టారూ, ఇందులో ఏముందో కొంచెం చదివి చెప్పండి" అన్నాడు. ఏ షోరూమో ఇక్కడ అనవసరం. ఎక్కడికి పోయినా సరుకు ఇదే. రెండు పేజీలు. ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు - సరే. ఆ కింద త్రాటిల్ శుభ్రం చేసినందుకు, ఇంజెక్టర్లు శుభ్రం చేసే మందుకు, ఏసీలో క్రిములు చంపే స్ప్రేకు, బండి అడుగున తుప్పు పట్టకుండా పూత వేసినందుకు, చక్రాల అలైన్‌మెంటుకు విడివిడిగా. ఆ కింద 'కన్స్యూమబుల్స్' అని ఒక పద్దు. అంటే తుడుచుకునే గుడ్డపీలికలు, గ్రీజు లాంటివట. ఆ కింద మజూరీ. దాని మీద జీఎస్టీ. మొత్తం పదకొండు వేల చిల్లర. "నువ్వేం చెయ్యమన్నావు తమ్ముడూ?" అని అడిగాను. "ఆయిలు మార్చమన్నాను భాయ్" అన్నాడు. సంతకం మాత్రం పెట్టాడు. పొద్దున బండి లోపలికి తీసుకుపోయేటప్పుడు ఒక కాగితం ముందుకు తోస్తారు, దాని మీద సన్న అక్షరాలు వుంటాయి, మనం వంగి సంతకం పెడతాం. పదకొండు వేలంటే ఆ తమ్ముడికి డీజిలు, కిస్తీ పోను రెండు వారాల మిగులు.

కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. అతనికి నెలకు ఇంత పని, ఇంత సామాను అమ్మాలని పైనుంచి లెక్క వుంటుంది. అది అమ్మకపోతే అతని ఉద్యోగం కష్టం. వాడూ ఎవరి ఇంటి పిల్లాడో.

అసలు ఇంత ఖర్చు ఎందుకైంది? ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. అంబాసిడర్ రోజులు మీలో పెద్దలకు బాగా జ్ఞాపకం వుంటాయి. ఆ బండి తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అంతకు ముందు యాభై ఏళ్ళకు పైగా పెద్ద మార్పు లేకుండా నడిచింది. బండి ఆగిందంటే మెకానిక్ కార్బురేటర్ విప్పి, పెట్రోలుతో కడిగి, జెట్టులో నోటితో గాలి వూది బిగించేవాడు. డిస్ట్రిబ్యూటరులో పాయింటు మాడితే గరుకు కాగితంతో రుద్దేవాడు. చెట్టుకు చైన్‌బ్లాకు కట్టి ఇంజను దించిన ఉస్తాదులను నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. ఫియట్ అని మనం పిలుచుకున్న పద్మినీ సంగతీ అంతే. సామాను ఏ వూళ్ళోనైనా దొరికేది. దొరక్కపోతే లేతు మీద తిప్పించేవారు. ఐతే నిజం చెప్పుకోవాలి. ఆ బండ్లు వూరూరికీ ఆగేవి. బస్సు ఎక్కినవాడు ముందు చేరేవాడు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాన్ని గూడా మన షెడ్ల వాళ్ళు రెండు మూడేళ్ళలో ఆకళింపు చేసుకున్నారు. 2000 సంవత్సరం ప్రాంతంలో కార్బురేటర్లు పోయి ఇంజెక్షన్ ఇంజన్లు వచ్చాయి. ఇంజనుకు కంప్యూటరు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధన వచ్చింది. పొగలో విషం తగ్గాలంటే ఇవి కావలసినవే. మన పిల్లల ఊపిరితిత్తుల కోసం వచ్చినవాటిని నేను తప్పుపట్టను. కాని వీటితోబాటు రిపేరు స్వభావమే మారింది. వెనక హెడ్‌లైటు పగిలితే అద్దం మార్చేవాళ్ళం, బల్బు మార్చేవాళ్ళం. ఇప్పుడు చాలా బండ్లకు మొత్తం లైటు సెట్టు మార్చాలి. వెనక బంపరు ఇనపరేకు, సుత్తితో కొట్టి సరిచేసేవాళ్ళం. ఇప్పుడది ప్లాస్టిక్కు, అందులో సెన్సార్లు. కొన్ని కొత్త బండ్లలో ముందు అద్దానికి కెమెరా వుంటుంది. అద్దం మారిస్తే కెమెరాను మళ్ళీ సరిచూడాలి.

డీజిలు బండ్ల వారికి ఒక మాట విడిగా చెప్పాలి. బి.ఎస్.6 డీజిలు బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టుకునే ఫిల్టరు ఒకటి వుంటుంది. డి.పి.ఎఫ్. అంటారు. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టరు బాగా వేడెక్కాలి. హైవే మీద కొంతసేపు ఒకే వేగంతో నడిస్తేనే అంత వేడి వస్తుంది. పిల్లల్ని బడిలో దింపి, బజారుకు పోయి, ఇంటికొచ్చి ఆపేస్తే మసి పేరుకుపోతుంది. మీటరు మీద దీపం వెలుగుతుంది. దీపం వెలిగిన రోజే బండిని అరగంటసేపు హైవే మీద తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. వారాల తరబడి పట్టించుకోకుండా నడిపితే ఫిల్టరు మార్చవలసి వస్తుంది. దాని ధర విన్నవాళ్ళు బండే అమ్మేద్దామంటారు. రోజూ ఐదారు కిలోమీటర్లు తిరిగేవాళ్ళు డీజిలు బండి కొనకపోవడమే మేలు. కొనేటప్పుడు ఈ సంగతి ఏ సేల్సుమనిషీ చెప్పడు.

ఇంతవరకు చెప్పింది యంత్రం సంగతి. యంత్రం మారింది గనుక ఖర్చు పెరిగిందని సరిపెట్టుకోవచ్చు. కాని అది సగం నిజమే. మిగతా సగం తాళం సంగతి.

తాళం అంటే ఏమిటి? ఒక బండి కొన్నాక దాని సామాను ఇంకెవరిదీ దానికి పట్టదు. అంటే ఆ బండికి సంబంధించినంతవరకు ఆ కంపెనీ ఒక్కటే దుకాణం. 2011లో ఒక వినియోగదారుడు దీని మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేశాడు. మొదట మూడు కంపెనీల మీద మొదలైన ఆ విచారణ పెరిగి పెద్దదైంది. 2014 ఆగస్టు 25న కమిషన్ ఆర్డరు ఇచ్చింది. 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. ఆ ఆర్డరులో తేలిన విషయాలు మనం ఇంట్లో కూర్చుని అనుకునేవే. కంపెనీలు అసలు సామానును బయటి మార్కెట్లో స్వేచ్ఛగా అమ్మనివ్వడం లేదు. బండిలో లోపం కనిపెట్టే యంత్రాలు, రిపేరు పుస్తకాలు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదు. సామాను తయారుచేసి కంపెనీలకు సప్లయి చేసే వారిని, అదే సామాను నేరుగా బజారులో అమ్మకుండా ఒప్పందాలతో కట్టేస్తున్నారు. ఇది చాలా ముఖ్యం. బ్రేకు ప్యాడో, క్లచ్చి ప్లేటో, హారనో కారు కంపెనీయే తయారుచేస్తుందని మనం అనుకుంటాం. చాలావరకు అవి వేరే ఫ్యాక్టరీల్లో తయారై వస్తాయి. ఆ ఫ్యాక్టరీ వాడి సొంత పెట్టెలో వస్తే ఒక ధర, కారు కంపెనీ బొమ్మ వున్న పెట్టెలో వస్తే ఇంకో ధర. వస్తువు ఒకటే కావచ్చు.

కంపెనీలు వూరుకోలేదు, అప్పీళ్ళకు పోయాయి. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పు జరిగిందన్న మాటను నిలబెట్టి, జరిమానా మాత్రం బాగా తగ్గించింది. ఇంకొన్ని కంపెనీలు అసలు చట్టాన్నే ప్రశ్నిస్తూ ఢిల్లీ హైకోర్టుకు పోతే, 2019 ఏప్రిల్‌లో ఆ కోర్టు చట్టం చాలావరకు చెల్లుతుందన్నది. కోర్టు వ్యవహారాలు ఎలా సాగుతాయో మీకు తెలుసు. కొడుకు వేసిన దావా మనవడి చేతికి వస్తుంది. ఈలోగా 2022 జులైలో కేంద్రంలో వినియోగదారుల శాఖ 'రిపేరు హక్కు' మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడు డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, వ్యవసాయ యంత్రాలతో బాటు మోటారు వాహనాలు గూడా అందులో వున్నాయి. అది సమాచారం పెట్టే పోర్టలే గాని చట్టం కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ప్రజల ఓటుతో కార్ల రిపేరు హక్కుకు చట్టం తెచ్చుకున్నది. బయటి మెకానిక్కుకు కంపెనీ సమాచారం ఇచ్చి తీరాలని అక్కడి జనం ఓటు వేశారంటే, ఈ బాధ మనదొక్కరిదే కాదని అర్థం.

ఇక వారంటీ. మన వాళ్ళను కంపెనీ కౌంటరుకు కట్టిపడేసిన తాడు ఇదే. "బయట నట్టు ముట్టుకుంటే వారంటీ పోతుంది సార్" అంటారు. పోతుందేమోనని భయపడి, వైపరు రబ్బరు మార్చడానికి గూడా షోరూముకే పోతాం. ఇందాక చెప్పిన 2014 ఆర్డరులో కమిషన్ ఈ విషయం మీద గూడా స్పష్టంగా చెప్పింది. బయట పని చేయించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు అనే షరతు పెట్టగూడదు, బయటి పని సరిగా లేక దానివల్ల చెడిన భాగం వరకు మాత్రమే కాదనవచ్చు అని. న్యాయం అదే. బయట టైరు మార్చిన పాపానికి ఇంజను వారంటీ ఎలా పోతుంది? ఐనా జాగ్రత్త ఒకటి చెబుతాను. మామూలు సర్వీసు కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు చేయించినట్టు, వేసిన ఆయిలు కంపెనీ చెప్పిన గ్రేడుదే అయినట్టు బిల్లులు దాచిపెట్టుకోండి. రేపు ఏదైనా పేచీ వస్తే నోటిమాట పనికిరాదు. బండి వారంటీలో వున్నన్నాళ్ళు ఇంజను, గేరుబాక్సు జోలికి బయట పోకుండా వుండటం మంచిది. వారంటీ దాటాక గూడా ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు అదే కౌంటరు దగ్గర తలవంచుకు నిలబడటం దేనికో నాకు అర్థం కాదు.

పన్ను సంగతి రెండు మాటల్లో. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు మోటారు సామానులో చాలావాటి మీద 28 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు సామానంతా 18 శాతం కిందికి తెచ్చారు. మజూరీ మీద గూడా 18 శాతమే. కాబట్టి ఆ తేదీ తరవాతి బిల్లులో సామాను మీద ఎక్కడైనా 28 కనబడితే వేలు పెట్టి చూపించి అడగండి. చిన్న షెడ్డు వాళ్ళకు సాలీనా వ్యాపారం 20 లక్షల లోపైతే జీఎస్టీ రిజిస్ట్రేషను అవసరం లేదు. రిజిస్ట్రేషను లేనివాడు పన్ను వసూలు చెయ్యగూడదు. సామాను కొన్నప్పుడు అతను కట్టిన పన్ను ఆ ధరలోనే వుంటుంది. మజూరీ మీద మాత్రం మనకు ఆ మేరకు మిగులుతుంది.

కౌంటరు దగ్గర ఏం చెయ్యాలని ఆ టాక్సీ తమ్ముడు అడిగాడు. నేను మెకానిక్కును కాను గాని కాగితం చదవగలను. బండి ఇచ్చేముందు చెయ్యవలసిన పనులు, అంచనా ఖర్చు రాతలో తీసుకోండి. అందులో లేని పని ఏదైనా చెయ్యాలంటే ముందు ఫోను చెయ్యాలని ఆ కాగితం మీదే రాయండి, తెలుగులోనైనా సరే, ఉర్దూలోనైనా సరే, మీ చేతి రాత వుండాలి. మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మని అడగండి. ఈ ఒక్క మాట అడిగితే చాలు, సగం సామాను మార్చవలసిన అవసరమే వుండదు! బండి కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకాన్ని డ్యాష్‌బోర్డు అరలో అట్ట విప్పకుండా దాచకండి. ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చాలో అందులో పట్టీ వేసి వుంటుంది. ఇంగ్లీషు రాకపోతే కాలేజీ చదివే పిల్లలు ఇంట్లో వున్నారు కదా, చదివించుకోండి. అందులో లేని మందులు, పూతలు, స్ప్రేలు కౌంటరు సరుకే. ఇంజను లోపల మామూలుగా వుంటే ఆ మందులతో అవసరం పడదని మన ఉస్తాదులందరూ చెబుతారు.

గాలి ఫిల్టరు మార్చడం చాలా బండ్లలో ఐదు నిమిషాల పని. నాలుగు క్లిప్పులు తీస్తే మూత వస్తుంది. ఏసీ ఫిల్టరు చాలావరకు డ్యాష్‌బోర్డు అర వెనకే వుంటుంది, పానా గూడా అక్కర్లేదు. మా ఇంట్లో మా అమ్మాయి మారుస్తుంది. మజూరీ అడగదు, ఐస్‌క్రీము అడుగుతుంది.

ఐతే పొదుపు చెయ్యగూడని చోట్లు వున్నాయి. వాటి దగ్గర మన వాళ్ళు చేసే పొదుపు చూస్తే భయం వేస్తుంది. బ్రేకు ప్యాడ్లు డూప్లికేటువి వేస్తారు. నూరు రూపాయలు మిగులుతుంది, పెళ్ళాం బిడ్డల్ని ఎక్కించుకుని ఘాటు రోడ్డు దిగుతారు. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు వేడెక్కితే ఆవిరి పుట్టి పెడలు మెత్తబడుతుంది. సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చాలి. పదేళ్ళైనా మార్చని బండ్లు మన వీధుల్లో తిరుగుతున్నాయి. కొన్ని ఇంజన్లలో టైమింగు బెల్టు వుంటుంది, రబ్బరుది. కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు మార్చకపోతే అది ఒకనాడు తెగుతుంది. తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు పైకొచ్చి వాల్వులకు తగులుతాయి. కొన్ని వేలతో పోయేది ఇంజను దించేదాకా వస్తుంది. మీ బండికి బెల్టా, చైనా అన్నది ఇంటికి పోయాక పుస్తకంలో చూడండి.

ఇన్సూరెన్సు వుంది కదా అన్న ధీమా గూడా పూర్తిగా నిజం కాదు. మామూలు ఫుల్ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్కు సామానుకు, టైర్లకు, బ్యాటరీకి సగం విలువే లెక్కకట్టి ఇస్తారు. ఫైబరుకు 30 శాతం తగ్గిస్తారు. ఇనుప సామానుకు బండి వయసును బట్టి కోస్తారు. అద్దానికి మాత్రం కోత లేదు. ఆ పైన తప్పనిసరిగా మనం పెట్టుకోవలసిన వెయ్యో, రెండు వేలో వేరే వుంటుంది. చిన్న సొట్టకు క్లెయిము చేస్తే ఇంకో నష్టం. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్ళకు, సొంత డ్యామేజీ ప్రీమియంలో 20 శాతంతో మొదలై 50 శాతం దాకా తగ్గింపు ఇస్తారు. ఒక్క క్లెయిముతో అది సున్నాకు పోతుంది. నాలుగు వేల సొట్ట కోసం అంత తగ్గింపు పోగొట్టుకోవడం ఏం హిసాబు? మన టింకరింగు భాయ్ దగ్గర సొంత డబ్బుతో చేయించుకోవడమే నయం.

ఇంత అడిగినా వినకుండా బిల్లులో మోసం చేశారనుకోండి. 1915 అని ఫోను నంబరు వుంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా గూడా చెప్పుకోవచ్చు.

ఇప్పుడు నా గుండెకు దగ్గరైన సంగతికి వస్తున్నాను.

విజయవాడ ఆటోనగర్ మీరందరూ చూసిందే. 1960లలో మొదలై, లారీకి చాసిస్ తప్ప అన్నీ అక్కడే తయారుచేయగలమని పేరు తెచ్చుకున్న చోటు. అలాంటి పెద్ద చోట్ల నుంచి మన వీధి చివర రేకుల షెడ్డు దాకా, మన కుర్రాళ్ళు ఎంతమంది ఈ పనిలో వున్నారో. నా క్లాసులో చదివి, తొమ్మిదిలోనో పదిలోనో మానేసి షెడ్డులో షాగిర్దుగా చేరిన పిల్లలు చాలామంది వున్నారు. వాళ్ళ చేతుల్లో తెలివి వుంది. కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు విని ఏ వాల్వు వదులో చెబుతారు. కువైట్, సౌదీ పోయినవాళ్ళు అక్కడి ఎడారి ఎండలో పెద్దపెద్ద బండ్లు బాగుచేసి ఇంటికి డబ్బు పంపారు. అటువంటివాడు ఈరోజు కొత్త బండి బానెట్టు ఎత్తి చూస్తే ఒక నల్లటి ప్లాస్టిక్కు మూత, దాని కింద వైర్ల చెట్టు. మీటరు మీద పసుపు దీపం వెలుగుతుంటుంది. "ఇది కంపెనీకి తీసుకుపోండి సార్" అంటాడు. ఆ మాటతో గిరాకీ ఒకటి పోతుంది, మళ్ళీ రాదు. షెడ్డు అద్దె మాత్రం నెలనెలా వస్తుంది. మనమేమో షోరూము బిల్లు చూసి ఏడుస్తాం. రెండు వైపులా ఏడుపే, రెండూ ఒకే తాళం వల్ల.

ఆ తాళం పూర్తిగా తీయడం మన చేతిలో లేదు. కొంత మాత్రం తెరిచే వుంది, మనమే తోసి చూడలేదు. స్టీరింగు కింద ప్రతి కొత్త బండిలోనూ 16 పిన్నుల సాకెట్టు ఒకటి వుంటుంది. దానికి స్కానరు తగిలిస్తే బండి కంప్యూటరు ఒక కోడు చెబుతుంది. ఈ కోడ్లలో చాలావరకు అన్ని కంపెనీలకూ ఒకటే. పి 0301 అంటే ఒకటో సిలిండరులో పెట్రోలు సరిగా మండటం లేదని. 0302 అంటే రెండోది. పి 0171 అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని. సెల్‌ఫోనుతో పనిచేసే చిన్న స్కానరు వెయ్యి రూపాయల లోపు గూడా దొరుకుతుంది. తాళంచెవి, ఇంజెక్టరు కోడింగు లాంటి పెద్ద పనులకు పెద్ద యంత్రం కావాలి, అది వేలల్లో వుంటుంది. ఒక్క షెడ్డు వల్ల కాదు.

కోడు వచ్చినంత మాత్రాన రిపేరు తెలిసిపోదు. అక్కడే మన ఉస్తాదుల తెలివి కావాలి. పి 0301 వస్తే తప్పు ప్లగ్గుది కావచ్చు, కాయిలుది కావచ్చు, ఇంజెక్టరుది కావచ్చు, కంప్రెషనే పోయివుండవచ్చు. కొన్ని చోట్ల కోడు చూడగానే నాలుగు కాయిళ్ళూ మార్చేసి బిల్లు వేస్తారు. మన ఉస్తాదు ఒకాయన నాకు చేసి చూపించాడు. సిలిండరుకొక కాయిలు వున్న బండి అది. ఒకటో సిలిండరు కాయిలు తీసి రెండోదానికి పెట్టాడు, రెండోది ఒకటోదానికి. బండి కాసేపు నడిపి మళ్ళీ స్కానరు పెట్టాడు. కోడు 0302 అయింది. అంటే లోపం కాయిలుతోబాటు నడిచి వచ్చింది. కాయిలు ఒక్కటి మారిస్తే సరి. కోడు 0301గానే వుండిపోతే కాయిలు మంచిదే, ఇంకోచోట వెతకాలి. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఆయన ఎనిమిదో తరగతి చదివాడు. ఆ కోళ్ళ గూడు లాంటి షెడ్డులో ఇంత లెక్కగా ఆలోచించే మనిషి వున్నాడని షోరూములో ఏసీ కింద కూర్చున్నవాళ్ళకు తెలియదు, మనకూ తెలియదు.

ఆయనకు లేనిది ఒకటే. స్కానరు తెర మీద వచ్చేదంతా ఇంగ్లీషు. కోడు కింద వచ్చే రెండు వాక్యాలు చదవడానికి కాలేజీ కుర్రాడు ఎవరైనా వచ్చేదాకా ఆగుతాడు. ఇన్నేళ్ళుగా ఉర్దూ మీడియంలో చదువు చెబుతున్నాను. మా పిల్లలు ఇంగ్లీషు అక్షరం చూసి బెదరడం ఎంత నష్టమో ఆ షెడ్డులో అర్థమైనంతగా నాకు ఏ మీటింగులోనూ అర్థం కాలేదు. అందుకే తల్లిదండ్రులకు మనవి. పిల్లవాణ్ణి షెడ్డుకు పంపదలిస్తే పంపండి, పని తప్పు కాదు. పది పూర్తిచేయించి పంపండి. పది పాసైతే ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్ళది వుంది. పొద్దున ఐ.టి.ఐ., సాయంత్రం ఉస్తాదు దగ్గర. ఆ రెండూ కలిసిన కుర్రాడికి పని లేదనే రోజు రాదు.

సంఘం కార్యవర్గానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన షెడ్లన్నిటికీ కలిపి సంఘం తరఫున పెద్ద స్కానరు ఒకటి కొనాలి. ఏ ఒక్కరి సొంతమూ కాకుండా సంఘం ఆఫీసులో వుండాలి. కావలసినవాళ్ళు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకుపోవాలి, వాడుకున్నందుకు కొద్ది రుసుము కట్టాలి. ఆ రుసుముతోనే ఏటా దాని సాఫ్ట్‌వేరు కొత్తది వేయించుకోవచ్చు. స్కానరు అప్పుగా తీసుకుపోయిన షెడ్డు వారు, సంఘం సభ్యుల బండ్లకు ముందు అంచనా రాసి ఇస్తామని, పాత సామాను తిరిగి ఇస్తామని ఒప్పుకోవాలి. షోరూమును అడుగుతున్న హక్కు మన వాళ్ళను గూడా అడగవద్దా? మన షెడ్లలో గూడా లోకల్ సామాను వేసి ఒరిజినల్ ధర రాసేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు ఈ హాలులోనే వుండవచ్చు, నా మాటకు కోపం తెచ్చుకోవద్దు.

వచ్చే ఆదివారం నుంచి పొద్దున పది గంటలకు సంఘం హాలులో గంటసేపు కోడ్లు చదవడం నేర్పిస్తాను. అక్షరాలు నేను చెబుతాను, వాటి అర్థం బండిలో ఎక్కడుందో ఉస్తాదులు చూపిస్తారు. మామూలుగా వచ్చే యాభై కోడ్లు తెలుగులోనూ, ఉర్దూలోనూ పక్కపక్కన రాసి పెట్టాను. ఉస్తాదులు ఇద్దరు సరిచూశారు. జిరాక్సు ప్రతులు బయట చెప్పుల దగ్గర బల్ల మీద వున్నాయి. షెడ్లవాళ్ళే కాదు, బండ్లున్నవాళ్ళు గూడా పోయేటప్పుడు తలా ఒకటి తీసుకుని బండిలో పెట్టుకోండి.